గంజి కేంద్రం అధ్యక్షుడు

బందరు,
6-6-1969

చి. సౌ. రావమ్మకు, అన్నయ్య గోవర్ధనరావు దీవెనలు.

ఇక్కడ నేనూ మీ వదిన సీతమ్మా కులాసా. ఇంటికే కులాసా లేదు. పోయిన నెల గాలివానకి వంటింటి మీద పెంకులు సగం లేచిపోయాయి. పెరట్లో మునగచెట్టు పక్కింటి గోడ మీద పడింది. పెదపారుపూడిలో మీకు గడ్డివాములు ఎగిరిపోవడం తప్ప వేరే నష్టం లేదని బావగారు రాసిన కార్డు అందింది. సంతోషం.

గాలివాన కంటే దాని వెనక వచ్చినదే మా వీధికి పెద్ద ఉపద్రవమైంది. దివిసీమలో ఇళ్ళూ గొడ్లూ పోగొట్టుకున్న జనం బందరు చేరారు. పాపం, కష్టమే, కాదనను. వాళ్ళను చూడడానికి సర్కారుంది, సత్రాలున్నాయి. కానీ మా ఎదురిల్లు అద్దెకు తీసుకున్న ఎలీసబెతు అనే ఆవిడ ఆ ఇంటి వసారాలో గంజి కేంద్రం తెరుస్తానని బయలుదేరింది. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. రోజూ మధ్యాహ్నం ఎవరొస్తే వాళ్ళకి గంజి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. కులం అడగదట, ఊరు అడగదట.

వీధివాళ్ళందరం సమావేశమయ్యాం. మాలో అన్నదానం మీద అభ్యంతరం ఉన్నవాడు ఒక్కడూ లేడు. ప్లీడరు జగన్మోహనరావు గారైతే చిలకలపూడి ఉత్సవాలకు ఏటా పులిహోర చేయించి పంచుతారు. మా బాధల్లా ఇది సంసారులుండే వీధి కావడమే. ఉన్నది ఒక్క కుళాయి. ఈగలు ముసురుతాయి. ఆడపిల్లలు కాలేజీకి వెళ్ళే దారి. ఇదంతా పద్ధతిగా మునిసిపాలిటీకి అర్జీ రాయాలంటే, కలెక్టరు కచేరీలో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపినవాడు ఈ వీధిలో నేనొక్కణ్ణే. అందుచేత వద్దన్నా వినకుండా ఈ కేంద్రాన్ని ఆపించే సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. అర్జీ రాశాను. నేను చెప్పుకోకూడదు గానీ, జగన్మోహనరావు గారు చదివి రెండుసార్లు "భేష్" అన్నారు.

ఏటా నువ్వు పంపే బియ్యం ఈసారి కాస్త తొందరగా పంపించగలవా? వంటిల్లు కురిసి మా బస్తా ముక్కిపోయింది. నీ సాయం కావాలి.

మీ అన్నయ్య,
గోవర్ధనరావు


పెదపారుపూడి,
13-6-1969

అన్నయ్యకు రావమ్మ నమస్కారాలు.

నీ కవరు మొన్న వచ్చింది. వచ్చిందంటే ఈదుకుంటూ వచ్చింది. గుడివాడలో బస్సు మీద వేసిన పోస్టు సంచీ వానకి నానిందట. మొదటి కాగితంలో మునగచెట్టు దాకా బాగానే ఉంది. ఆ తరవాత సిరా అంతా అలికిపోయింది. మీ బావగారు దాన్ని ఎండలో ఆరబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చదివారు. "దివిసీమ జనం... పాపం, కష్టమే", "గంజి కేంద్రం", "నన్ను అధ్యక్షుణ్ణి చేశారు", చివర "బియ్యం తొందరగా పంపించగలవా, నీ సాయం కావాలి". కనపడింది అంతే. అంత చాలదా అన్నయ్యా! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మీ బావగారు నమ్మలేదు. "మీ అన్నయ్యా? పెళ్ళి పందిట్లో పక్కవాడి మోచెయ్యి తగిలితేనే విస్తరి ముందు నుంచి లేచిపోయే మనిషి, దారినపోయేవాళ్ళకి గంజి పోస్తున్నాడా?" అన్నారు. "చదివింది మీరే కదా" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నేనే చెప్పాను, దాపరికమెందుకు? ఆడవాళ్ళు చాటలతో, తట్టలతో, కొంగుల్లో పోసుకుని మరీ తెచ్చారు. మన దొడ్లో కళ్ళం చేసినట్టుంది. కూలి చేసుకునే వాళ్ళు కూడా పిడికెడు తెచ్చి, "అమ్మగారూ, మీ అన్నగారి చేత్తో పోయించండి" అన్నారు. మూడు బస్తాలు కుట్టించి, గుడివాడ స్టేషనులో నీ పేరు మీద వేయించాం. పొరపాటున ఇంకెవరికైనా చేరతాయేమోనని బడిపంతులు గారి చేత నీలిరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాను.

ఒక్క దిగులు. నాగాయలంక అవతల మన మేనత్త కొడుకు అంకమ్మరావు బావ దగ్గర్నుంచి కబురు లేదు. తాతమ్మ అత్తయ్య ఎలా ఉందో. ఆవిడకి కళ్ళు పూర్తిగా పోయాయని పోయినేడు ఎవరో చెప్పారు. చిన్నప్పుడు సెలవలకు వెళితే మా అందరికీ పెట్టకుండా నీకే జున్ను దాచేది, గుర్తుందా? ఆ వైపు వాళ్ళు నీ కేంద్రానికి వస్తారు కదా. వచ్చిన ప్రతివాణ్ణీ అడుగు.

వదినకు చెప్పు, అంత గంజి కాచేటప్పుడు చేతులు జాగ్రత్త అని.

నీ చెల్లెలు,
రావమ్మ


బందరు,
20-6-1969

చి. సౌ. రావమ్మకు ఆశీస్సులు.

బస్తాలు చేరాయి. ఎలా చేరాయో కూడా చెప్పాలి. స్టేషను నుంచి వచ్చిన ఒంటెద్దు బండి సరిగ్గా జగన్మోహనరావు గారి అరుగు ముందే ఆగింది. ఆయన కాఫీ తాగుతున్నారు. బస్తా మీద అక్షరాలు బండివాడికి చదవడం రాక ఆయన్నే చదవమన్నాడు. కోర్టులో చదివినట్టు గొంతెత్తి చదివారాయన: "శ్రీ గోవర్ధనరావు గారు, గంజి కేంద్రం అధ్యక్షులు, బందరు." వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మా చెల్లెలు కొంచెం అమాయకురాలని చెప్పి సర్దుకున్నాను. ఆయన "అలాగా" అన్నారు. ప్లీడరు "అలాగా" అంటే నమ్మలేదని అర్థం.

అమ్మా, నన్ను గురించి నువ్వు ఎక్కువగా ఊహించుకున్నావు. ఈ కేంద్రం నా ఆలోచన కాదు. నిజం చెప్పాలంటే మొదటినుంచీ నేను వద్దంటూనే ఉన్నాను. ఇందులో ఘనత ఏదైనా ఉంటే అది ఆ ఎలీసబెతుకే చెందాలి, నాకు అక్కరలేదు. ఇంతకంటే విడమరిచి రాయనక్కరలేదనుకుంటాను.

మా అర్జీ మునిసిపాలిటీలో కదలకముందే ఆవిడ పొయ్యి వెలిగించింది. జనం వస్తున్నారు. వరసలో కూర్చుంటారు, తాగుతారు, వెళతారు. గొడవ చేయరు, అది ఒప్పుకోవాలి. అదే చిక్కు కూడా. గొడవ చేస్తే పోలీసులకు చెప్పవచ్చు. నిన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, మా అరుగు మీదనే దగ్గు వినపడింది. తలుపు ఓరగా తీస్తే ఎవడో. తలమీద తుండుగుడ్డ, మాసిన గడ్డం, మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి నోరు తెరవబోయాడు. "గంజి ఎదురింట్లో. ఇక్కడ కాదు" అని తలుపేశాను. దురుసుగా ఒక్కమాట అనలేదు. దారి చూపించానంతే. మీ వదిన మటుకు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

అంకమ్మరావు బావ సంగతి రాశావు. నువ్వు దిగులు పడకు. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఆ తరహా మనుషులు కారు. బావ లాంటివాడు గంజికి నిలబడే ప్రసక్తే లేదు, ఆ ధీమా నాకుంది.

బియ్యం ముందుగదిలో భద్రంగా ఉన్నాయి.

మీ అన్నయ్య,
గోవర్ధనరావు


పెదపారుపూడి,
29-6-1969

అన్నయ్యకు నమస్కారాలు.

ఈసారి ఉత్తరం పొడిగానే వచ్చింది. ఒక్క అక్షరం పోలేదు. మీ బావగారు పైకి చదివారు, నలుగురమూ కూర్చుని విన్నాం. "ఘనత నాకు అక్కరలేదు" అన్నచోట పంతులు గారు మళ్ళీ చదవమన్నారు. మొదట నువ్వు వద్దన్నావని కూడా దాచకుండా రాశావు. చేసిన మంచిని ఎవరైనా చెప్పుకుంటారు. మొదట ఒప్పుకోలేదని ఎవరు రాస్తారు? మీ బావగారు కూడా "మనిషి మారాడే!" అన్నారు.

ఇంక అసలు సంగతి. అంకమ్మరావు బావ జాడ కోసం మీ బావగారు స్వయంగా రేవు దాటి వెళ్ళి వచ్చారు. అక్కడ ఇల్లు లేదు అన్నయ్యా. గోడ మొండేలున్నాయి. గొడ్లు పోయాయి. పొలమంతా ఉప్పునీరు నిలిచి తెల్లగా పొర కట్టింది. బావ భార్య అంతకుముందే పోయింది కదా, బావా అత్తయ్యా ఇద్దరే. మిగిలినవాళ్ళు చెప్పారట, నీళ్ళు తీశాక బావ అత్తయ్యను పడవలో కూర్చోబెట్టుకుని, "బందరులో గోవర్ధనం ఇల్లుందిగా, మాకేం" అని వెళ్ళాడని. అప్పటికి వారం దాటిందట.

ఆ మాట వినగానే నాకు ఊపిరి వచ్చింది. అయితే మీ ఇంట్లోనే ఉన్నారన్నమాట! "బావ గంజికి నిలబడే ప్రసక్తే లేదు, ఆ ధీమా నాకుంది" అని ఎందుకంత గట్టిగా రాశావో ఇప్పుడర్థమైంది. నీ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాడికి గంజి వరస ఎందుకు? ఇది కూడా నాకు చెప్పకుండా దాచావు చూడు. నీ గుట్టు నీదే.

అత్తయ్యకు మెత్తటి పాత చీరలు పంపుతున్నాను. కొత్తవి గుచ్చుకుంటాయంటుంది. ఇంకో రెండు బస్తాలు కూడా వస్తున్నాయి. ఈసారి నందివాడ వాళ్ళు ఇచ్చారు. నీ పేరు అక్కడిదాకా వెళ్ళింది.

నీ చెల్లెలు,
రావమ్మ


బందరు,
3-7-1969

రావమ్మా,

వాళ్ళు మా ఇంట్లో లేరు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీతమ్మ వచ్చి ఉత్తరం తీసుకుని చదివింది. చదివి ఒకటే అడిగింది: "ఆ తుండుగుడ్డ మనిషి మొహం చూశారా?" చూడలేదు. బావను చూసి ఆరేళ్ళయింది. చూసినా గుర్తుపట్టేవాణ్ణో లేదో. కానీ చూడలేదన్నది నిజం.

అంగవస్త్రం వేసుకుని రోడ్డు దాటాను. ఈ వీధికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ ఇంటి గడప నేను తొక్కలేదు. జగన్మోహనరావు గారు అరుగు మీద నుంచి, "తనిఖీకా?" అని నవ్వారు. అవునని తలూపాను. ఆ పాడు అలవాటు ఇంకా పోలేదు.

వసారా వెనక పెరట్లో ఒకాయన గొడ్డలితో కట్టెలు చీలుస్తున్నాడు. నన్ను చూసి గొడ్డలి కింద పెట్టాడు. "రా గోవర్ధనం" అన్నాడు. పొలం గట్టు మీద ఎదురుపడినట్టు, అంతే.

"బావా, మా ఇంటికొచ్చావా?" అన్నాను.

"వచ్చాగా. నువ్వే తలుపు తీశావు."

"పేరు చెప్పొచ్చుగా!"

"చెబుదామనే నోరు తెరిచా. తలుపు పడిపోయింది. రెండోసారి కొట్టబుద్ధి కాలేదు. ఎదురింట్లో అన్నావుగా, ఎదురింటికొచ్చా. నువ్వు చెప్పిన చోటు మంచిదేలే."

ఇందులో దెప్పిపొడుపు ఏమైనా ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఉంటే బాగుండేది.

అత్తయ్య లోపలి గదిలో ఉంది. జ్వరంతో వచ్చిందట. రేవు దగ్గర ఎవరింటి పంచనో ఆవిడను కూర్చోబెట్టి, బావ మా ఇంటికి వచ్చాడు. మా తలుపు పడ్డాక ఎలీసబెతు గారే రిక్షా తీసుకుని వెళ్ళి తెచ్చారు. ఇప్పుడు జ్వరం లేదు. మంచం మీద కూర్చుని ఉంది. ఎలీసబెతు గారు తల దువ్వుతున్నారు. నా గొంతు వినగానే అత్తయ్య చెయ్యి చాపింది.

"గోవర్ధనమా! ఇన్నాళ్ళకి తీరిందిట్రా? ఒకే ఇంట్లో ఉండి మేనత్తని పలకరించడానికి ఇన్ని రోజులా? కచేరీ పని అంటాడు అంకమ్మ. నీ సంగతేమో గానీ, నీ పెళ్ళాం బంగారంరా. నా కూతురు ఉన్నా ఇట్లా చేసేది కాదు. ఏవమ్మా సీతా, వింటన్నావా?"

"వింటున్నానండీ" అన్నారు ఎలీసబెతు గారు.

అప్పటికి నాకు అర్థమైంది. గోవర్ధనం ఇంట్లోనే ఉన్నామని బావ వాళ్ళమ్మతో చెప్పాడు. మేనల్లుడు తలుపేశాడని ఆ వయసులో ఆవిడకి చెప్పలేక. చూపు లేదు కనక ఆవిడ నమ్మింది. ఎలీసబెతు గారు గడప దాకా వచ్చి, మెల్లగా, "మీ ఆవిడ పేరు వాడుకుంటున్నానండీ. ఏమీ అనుకోకండి" అన్నారు. నాకు క్షమాపణ చెప్పారన్నమాట. రోజూ సాయంత్రం ఆవిడ ప్రార్థన పాటలు పాడుకుంటే, "సీత ఏదో కొత్త భజన నేర్చింది, రాగం బాగుంది" అంటుందట అత్తయ్య. అదీ, వేరేవాళ్ళు ముట్టుకుంటే మంచినీళ్ళు కూడా తాగని మన తాతమ్మ అత్తయ్య.

ఇప్పుడు విడమరిచి రాస్తున్నాను. నేను అధ్యక్షుణ్ణే. ఆ కేంద్రాన్ని మూయించే సంఘానికి. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ఈ మాట రాయవచ్చు. మీరంతా మెచ్చుకుంటుంటే రాయబుద్ధి కాలేదు.

బియ్యం భద్రంగా ఉన్నాయని రాశాను, అదీ నిజం కాదు. ఇవాళ తడిమి చూస్తే ముందు మూడు బస్తాల్లో రెండు ఖాళీ. సీతమ్మ రోజూ పెరటి దారిన చాటతో ఎదురింటికి చేరవేస్తున్నదట. "మీరు చెల్లెలికి భద్రంగా ఉన్నాయని రాశారు, నేను భద్రమైన చోటుకి పంపాను" అన్నది.

గోవర్ధనరావు


పెదపారుపూడి,
7-7-1969

అన్నయ్యా,

ఈ ఉత్తరం పైకి చదవలేదు. మీ బావగారికి కూడా ఇవ్వలేదు. కళ్ళజోడు కనపడటంలేదని చెప్పి, నేనే చదువుకుని పోపుడబ్బా వెనక పెట్టాను.

తిట్టాలని కాగితం తీశాను. అత్తయ్య నిన్ను "గోవర్ధనమా" అని పిలిచిన చోటు గుర్తొచ్చి తిట్లు రాలేదు. వాటిని అట్టే పెట్టాను, ఎదురుపడినప్పుడు చెబుతాను.

నాకు ఒక్క సంగతి తేల్చు. ఊళ్ళో వాళ్ళకి నేనేం చెప్పను? చాటలతో తెచ్చినవాళ్ళు, పిడికెడు తెచ్చినవాళ్ళు రోజూ అడుగుతున్నారు, "మీ అన్నగారు ఎట్లా ఉన్నారు, ఎంతమందికి పోస్తున్నారు" అని. ఇంటింటికీ వెళ్ళి "మా అన్నయ్య ఆ అధ్యక్షుడు కాదట, వేరే అధ్యక్షుడట" అని చెప్పమంటావా? నేను చెప్పను. నాకు సిగ్గు. ఈ ఊళ్ళో నలభయ్యేళ్ళుగా కాపురం చేస్తున్నాను, అబద్ధాలాడిందని అనిపించుకోలేను.

కాబట్టి నేను చెప్పింది నిజం చెయ్యి. అంతకంటే నాకు ఇంకేం తోచడంలేదు.

చీరలు అత్తయ్యకు ఇవ్వు. ఒకటి ఎలీసబెతు గారికి ఇవ్వు.

రావమ్మ


బందరు,
24-7-1969

చి. సౌ. రావమ్మకు దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. ఈ మధ్య నాకు నిజంగానే తీరిక లేదు.

ముందు అత్తయ్య సంగతి. ఆవిడను మా ఇంటికి తీసుకురావాలి కదా. తీసుకువచ్చాం. "గది మారుస్తున్నాం" అని చెప్పాడు బావ. అంతా సవ్యంగా జరిగిందనుకుంటుండగా, సీతమ్మ గంజి తీసుకుని వెళితే అత్తయ్య చెయ్యి తడిమి, "నువ్వెవరివి? సీతను పిలువు" అన్నది. "నేనే సీతనత్తయ్యా" అంటే, "ఆ గొంతు నాకు తెలియదంటే! నీ చెయ్యి మొరటు. సీత చెయ్యి దూది" అని గిన్నె తోసేసింది. ముప్పయ్యయిదేళ్ళుగా నా భార్య అయిన మనిషి, తన పేరు తనది కాదని నా ఇంట్లో విన్నది. నవ్వలేక ఏడ్వలేక ఎలీసబెతు గారిని పిలుచుకొచ్చింది. అప్పటినుంచి ఆవిడ రెండు పూటలా మా ఇంట్లోనే.

ఈలోగా ఆవిడ అద్దెకున్న ఇంటి యజమాని, మన ప్లీడరు గారి తోడల్లుడే, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. మా సంఘం గెలిచిందన్నమాట. గెలుపు కబురు చెప్పడానికి జగన్మోహనరావు గారు స్వయంగా వచ్చారు. "అధ్యక్షులవారికి దండ వేయాలి" అన్నారు. లోపల్నుంచి అత్తయ్య, "సీతా, గంజి ఇంకా కాలేదుటే?" అని అరుస్తున్నది. ఆవిడ ఎలీసబెతు గారి చేతి గంజి తప్ప ముట్టదు. ఎలీసబెతు గారికేమో గుండిగలో తప్ప గిన్నెలో కాచడం అలవాటు పోయిందట. నేను ధర్మాత్ముణ్ణి అయిపోయానని మీ ఊళ్ళో చెప్పకు. ఇంట్లో గంజి జరగాలంటే నాకు వేరే దారి లేకపోయింది. "ఆవిడ సామాను మా అరుగు మీదకి మారుస్తున్నామండీ" అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన దండ చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయారు.

మనుషులు చంద్రుడి మీద అడుగు పెట్టారని రేడియోలో విన్నావు కదా. ఆ వారమే మా వీధివాళ్ళు మా గడపలో అడుగు పెట్టడం మానేశారు. కొత్త సంఘం పెట్టి, నా మీద అర్జీ ఇచ్చారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు పట్టుకొచ్చాడు. చూస్తే నేను రాసిన అర్జీయే. ఇంటి నంబరు తప్ప అక్షరం మార్చలేదు. చదువుతుంటే, రావమ్మా, నాకే వణుకు పుట్టింది. అంత గట్టిగా రాశాను. ఈగల పేరా అయితే మరీను.

"మీ మీద బలమైన అర్జీయే వచ్చిందండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాసినవాడు అనుభవజ్ఞుడు" అన్నాను.

మధ్యాహ్నం వేళ. ఎండలో వచ్చాడు. ఎలీసబెతు గారు ఏమీ అడక్కుండా లోటాతో గంజి ఇచ్చారు. నిలబడి తాగుతూ చుట్టూ చూశాడు. ఆవిడ ఆస్పత్రి మనిషి, మా అరుగు మా పెళ్ళినాడు కూడా అంత శుభ్రంగా లేదు. గుండిగ మీద మూత ఉండాలనీ, కాలవలో సున్నం చల్లాలనీ చెప్పి, కాగితం మీద "పరిశీలనలో ఉన్నది" అని రాసుకున్నాడు. ఆ మాట ముప్పై ఏళ్ళు నేనే రాశాను. దాని అర్థం నాకు తెలుసు. ఇంక దాన్ని ఎవరూ కదపరు.

బావ కోసం లోపల విస్తరి వేయించాను. రాలేదు. "లోపల పప్పన్నం తిని బయటికొచ్చి వీళ్ళ మొహాలు ఎట్లా చూడను? వీళ్ళతో పాటే పడవలో వచ్చా" అన్నాడు. అరుగు చివర కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ప్రేమతోనని అనుకునేవు, సీతమ్మ లోపల నాకు వడ్డించలేదు. కూర్చున్నాక ఇద్దరం చాలాసేపు పొలం సంగతులు మాట్లాడుకున్నాం. మంచి వాన పడి ఉప్పు కడిగితే ఈ ఏడు కాకపోయినా పై ఏడు పండుతుందంటాడు. నాలుగు రోజుల్లో కొంతమందిని వెంటబెట్టుకుని మీ వైపు ఊడ్పులకు వస్తాడట. సొంత పొలం ఉన్న మనిషి కూలికి. నేను డబ్బిస్తానంటే నవ్వి ఊరుకున్నాడు.

గంజిలో ఉప్పు తక్కువైందని చెబితే, "రేపటినుంచి మీరే వెయ్యండి" అన్నారు ఎలీసబెతు గారు. వేస్తున్నాను.

మీ ఊళ్ళో నువ్వు చెప్పింది నిజమేనని ఇంక ధైర్యంగా ఉండు.

మీ అన్నయ్య,
గోవర్ధనరావు


పెదపారుపూడి,
5-8-1969

అన్నయ్యకు నమస్కారాలు.

పోపుడబ్బా వెనక ఉత్తరం తీసి చించేశాను. ఈ ఉత్తరం మటుకు పంతులు గారి చేత అరుగు మీద చదివించాను, ఇన్‌స్పెక్టరు ముక్క రెండుసార్లు. మొదటి అర్జీ నీదేనని తెలిసినా ఎవరూ తప్పు పట్టలేదు. సీతమ్మ వదిన పేరు పోయిన చోట ఆడవాళ్ళందరూ నవ్వి నవ్వి చచ్చారు. నీ మీద నాకు కోపం పోయింది.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది వచ్చింది, నీకు రాయక తప్పదు.

అంకమ్మరావు బావ ఊడ్పులకు వచ్చాడు. ఒక్కడైతే నా ఇంట్లో వేరే చెప్పాలా, దేవుడల్లే చూసుకుంటాను. వెంట యాభై అరవై మంది ఉన్నారు. పిల్లలూ ముసలివాళ్ళూ సహా. ఊడ్చేవాళ్ళకు కూలి వస్తుంది, సరే, వెంట వచ్చినవాళ్ళ గతేమిటి? పంచాయతీ ప్రెసిడెంటు గారు సభ పెట్టి, బందరులో గోవర్ధనరావు గారిలాగా మనమూ గంజి కేంద్రం పెడదామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అంతా అయ్యాక ఆయన, "రావమ్మగారి వాకిలి విశాలంగా ఉంది, అన్నకి తగ్గ చెల్లెలు, అక్కడే పెడదాం" అన్నారు. మళ్ళీ చప్పట్లు. ఈసారి నేను కొట్టలేదు.

నువ్వే చెప్పు. మా అమ్మాయి వసుంధర పురిటికి వచ్చి ఉంది. ఇంట్లో పసిగుడ్డు. గేదె ఈనింది, కొత్తవాళ్ళని చూస్తే బెదిరి పాలు చేపదు. మొన్ననే వాకిలి చెక్కించి అలికించాను. బావి నీళ్ళు ఆగస్టులో కూడా అడుగునే ఉన్నాయి. మీ అరుగంటే సిమెంటుది, కడిగితే పోతుంది. మాది మట్టి వాకిలి. బియ్యం ఎన్ని బస్తాలైనా ఇస్తాను, ఎవరూ వంక పెట్టలేరు. వాకిలి మటుకు ఇవ్వలేను అన్నయ్యా. చెరువు అవతల బడి ఉందిగా, సెలవులిస్తే సరిపోతుంది.

మీ బావగారిని అడిగితే, "నాకు తెలియదు, మీ అన్నయ్యకి రాయి, ఇలాంటివాటిలో అనుభవజ్ఞుడు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆయన వెటకారానికి అన్నా, నాకు ఉపాయం తోచింది. పంచాయతీకి ఒక అర్జీ రాసి పంపు. ఎవరి మనసూ నొప్పించకుండా, ఈగలూ గట్రా పెట్టి. బావకి తెలియకూడదు. నువ్వు రాస్తే తిరుగుండదు.

ఈ ఉత్తరం చించెయ్యి.

నీ చెల్లెలు,
రావమ్మ


బందరు,
9-8-1969

చి. సౌ. రావమ్మకు అన్నయ్య దీవెనలు.

నీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఈ లోకంలో నాకంటే బాగా ఎవరికీ అర్థం కాదు. కాబట్టి వెంటనే కూర్చుని అర్జీ రాశాను. పురిటి గది, గేదె, బావి, ఒక్కటీ వదల్లేదు. పసిబిడ్డ ఆరోగ్యం గురించి రాసిన పేరా చదివితే రాయి కూడా కరుగుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత చక్కటి అర్జీ రాయలేదు. సిరా ఆరాలని అరుగు మీద పెట్టి, స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి లేదు. రాత్రి వానకి కట్టెలు తడిసి పొయ్యి రాజుకోకపోతే సీతమ్మ కాగితం కోసం చూసిందట. "చదివే పెట్టాను లెండి" అన్నది. "బాగా రాశారు, బాగా మండింది."

తరవాత ఆవిడా ఎలీసబెతు గారూ లోపల మాట్లాడుకున్నారు. నన్ను అడగలేదు, చెప్పారు. వచ్చే గురువారం పొద్దుటి బండికి ఇద్దరూ గుడివాడ వస్తున్నారు. మట్టి వాకిలి అయితే పొయ్యి తవ్వడం ఇంకా సులువట. పురిటి మనిషి ఉందంటే ఎలీసబెతు గారు మరీ సంతోషించారు, వసుంధరనూ బిడ్డనూ కూడా చూస్తారట. రెండు మూడు రోజులుండి, నీకు కొలతలు నేర్పి వస్తారు. అత్తయ్యతో మటుకు "సీత పుట్టింటికి వెళ్ళింది" అని చెప్పాలట.

అన్ని రోజులూ ఇక్కడ గంజి నేను కాయాలి.

బావగారిని బండి కట్టించుకుని స్టేషనుకి రమ్మను. గుండిగ పెద్దది.

మీ అన్నయ్య,
గోవర్ధనరావు